ఇంటిభాష ఎదుట అడ్డగీత

చలికోట్లు తగిలించే కొక్కేల కింద బల్ల మీద ఈషాని కూర్చోబెట్టి, ఉదయశ్రీ వంగి బూటు జిప్పు లాగుతోంది. సాయంత్రం నాలుగయ్యేసరికి కిటా అనే ఆ జర్మన్ పసిపిల్లల బడి హడావిడంతా ఆ ఇరుకు వరండాలోకి వచ్చి పడుతుంది. తడి సాక్సులు, నలిగిన అరటిపండ్ల వాసన, తన టోపీ వేరేవాళ్ళు పెట్టుకున్నారని ఏడ్చే పిల్లలు. ఈషా తల్లి భుజం మీద చెయ్యి ఆనించి వెనక్కి తిరిగింది.

"వెయిట్ లా, జున్ వే! బూ యావ్ గో. అమ్మ ఇంకా జాకెట్ వెయ్యలేదు."

ఉదయశ్రీ చెయ్యి జిప్పు మీదే ఆగిపోయింది. చివరి మాటలు తమ ఇంటివే. మొదటి మాటా ఇంట్లో తిరిగేదే. మధ్యలో ఉన్నదేమిటి?

ఎదురు బల్ల దగ్గర జున్ వేకి వాళ్ళమ్మ షూ మిన్ మఫ్లరు చుడుతోంది. సింగపూర్ నుంచి వచ్చి రెండేళ్ళయింది వాళ్ళు. ఆవిడ కొడుకుతో ఏదో అంది. సగం ఇంగ్లీషు, సగం చైనీసు, రెండింటికీ మధ్య అతుకు కనపడకుండా గబగబా వచ్చేసింది ఆ మాట. వాడు ఇంకేదో అన్నాడు. ఈషా పకపకా నవ్వింది. నవ్వాల్సిన చోటే నవ్విందన్నది వాళ్ళిద్దరి మొహాలు చూస్తే తెలుస్తూనే ఉంది. కూతురికి అర్థమైన పరాచికం తనకి అర్థం కాకపోవడం ఉదయశ్రీకి అదే మొదటిసారి.

"ఏమందే ఆంటీ?" అని అడిగింది తెలుగులో.

ఈషా భుజాలెగరేసింది. "నథింగ్."

ఉదయశ్రీ ఉద్యోగం కార్ల డాష్‌బోర్డుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. వెలగాల్సిన దీపం అర సెకను ఆలస్యంగా వెలిగినా ఆమెకి తెలిసిపోతుంది. ఆ కంటితోనే ఇప్పుడు షూ మిన్‌ని చూసింది. ఈవిడ తన పిల్లకి ఏం నేర్పుతోంది? ఎప్పటినుంచి నేర్పుతోంది?

వాళ్ళు గుమ్మం దాటుతుండగా టీచరు ఫ్రావ్ లిండ్నర్ పిలిచింది. "ఒక్క నిమిషం. ఈషా స్కూలు పరీక్ష వచ్చే మంగళవారం. డాక్టరుగారే ఇక్కడికి వస్తారు."

ఆగస్టులో ఒకటో తరగతిలో చేరే పిల్లలందరికీ ఉండేదే ఆ పరీక్ష. చూపు, వినికిడి, ఒంటికాలి మీద నిలబడటం. వాటికి ఉదయశ్రీకి భయం లేదు.

"భాష సంగతే కొంచెం…" అంది ఫ్రావ్ లిండ్నర్ గొంతు తగ్గించి. "ఉదయం అందరం గుండ్రంగా కూర్చుని కబుర్లు చెప్పుకునేటప్పుడు ఈషా జర్మన్‌లో మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళిపోతుంది. ఇంటిభాష గట్టిగా ఉంటే డాక్టరు ఏమీ అనరు, జర్మన్ దాని మీద నిలబడుతుంది అంటారు. ఏ ఒక్కటీ గట్టిగా లేకపోతే ఒక ఏడాది ఆపి వేరే తరగతికి పంపుతారు. కావాలంటే మీ భాష తెలిసిన దుబాసీని తెచ్చుకోవచ్చు."

ఒక ఏడాది ఆపడం. తోటిపిల్లలు సంచులు తగిలించుకుని బడికి పోతుంటే ఈషా మాటలురాని పిల్లల మధ్య బొమ్మలు పేర్చుకుంటూ కూర్చోవడం. ఉదయశ్రీకి చెవుల్లోకి వేడి ఎక్కింది.

"మా ఇంట్లో శుభ్రమైన తెలుగు మాట్లాడతాం," అంది. "ఇదంతా ఆ అబ్బాయి దగ్గర పట్టింది. వాళ్ళింట్లో మాట్లాడేది అసలు భాషే కాదు. నేను చెవులారా విన్నాను. చైనీసూ కాదు, ఇంగ్లీషూ కాదు. ఇద్దర్నీ కాస్త విడిగా కూర్చోబెట్టండి."

"మీరు విన్నారా?" అని ఫ్రావ్ లిండ్నర్ చొక్కా జేబులోంచి పసుపు చీటీ తీసి ఏదో రాసుకుంది. "మంచిది. జున్ వే పరీక్ష పోయిన గురువారమే అయింది. వాడి విషయం ఇంకా తేలలేదు."

బయట సన్నగా వాన. ట్రామ్ స్టాపు దాకా ఈషా నీటిగుంటల్లో దూకుతూ నడిచింది. ఉదయశ్రీకి ఆ చీటీ మీద ఏం రాసిందో చూడాలని ఉన్నా, చేసిన పనిలో తప్పేమీ కనిపించలేదు. తన పిల్లని తను కాచుకుంది. అంతే కదా.

*

ఆ సాయంత్రమే ఫ్రిజ్ తలుపు మీద తెల్లకాగితం వెలిసింది. పైన 'ఈషా' అని పేరు. మాటలో పరాయి ముక్క దొర్లితే ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఒక చుక్క. చుక్క లేకుండా వాక్యం మొత్తం చెప్తే బంగారు రంగు నక్షత్రం. హైదరాబాదులో అక్క కూతురు ఈశాన్యని ఎల్‌కేజీ ఇంటర్వ్యూకి తయారుచేసింది ఉదయశ్రీయే. పద్దెనిమిది రోజుల్లో పిల్ల చేత నలభై ప్రశ్నలకి జవాబులు వల్లె వేయించింది. సీటు వచ్చింది. ఇదీ అలాంటిదే అనుకుంది.

భర్త చైతన్య ఆఫీసునుంచి వచ్చి, సంచి ఇంకా భుజాన ఉండగానే ఆ కాగితం ముందు నిలబడ్డాడు. "ఆఫీసులో డిఫెక్టుల షీట్లు చాలక ఇంట్లో కూడానా?"

"నవ్వులాట కాదు చైతూ. మంగళవారానికి తెలుగు గలగలా మాట్లాడాలి."

"ఇప్పుడు మాట్లాడట్లేదా?"

"అది తెలుగా? పొద్దున ఏమందో తెలుసా? 'అమ్మా, నా లాలీపాప్ హిన్ పడిపోయింది, ఇట్స్ ఇగిట్' అంది."

"నాకు అర్థమైందే, లాలీపాప్ కిందపడి ఛీఛీ అయిందట," అన్నాడు చైతన్య సంచి దించుతూ.

"నీకు అర్థమైతే చాలదు. డాక్టరుకి కావాలి."

భోజనాల దగ్గర మొదలైంది పాఠం. ఈషా గ్లాసు ముందుకి తోసి, "మిల్ష్ కావాలి," అంది.

"పాలు."

"పాలు కావాలి. ప్లీజ్."

"దయచేసి."

చైతన్య అన్నం కలుపుతూ ఆగాడు. "విజయవాడలో మా అమ్మని ఎవరైనా 'దయచేసి పాలు ఇవ్వండి' అని అడిగుంటే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసేది. 'పాలియ్యమ్మా' అంటే పోలా?"

"నువ్వు మధ్యలో రాకు. నన్ను పరేషాన్ చెయ్యకు."

"పరేషాన్! ఆవిడకో చుక్క పెట్టు పాపా!"

ఈషా కుర్చీలోంచి సగం లేచి, తల్లి మొహం చూసి, మళ్ళీ కూర్చుంది. ఉదయశ్రీ నవ్వలేదు.

బుధవారం ఒక్కరోజే పదిహేడు చుక్కలు పడ్డాయి. గురువారం ఆరు. కిటానుంచి వస్తూ ఈషా ఒకే ఒక్క కబురు చెప్పింది. "జున్ వే ఇప్పుడు చేప బొమ్మ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. నేను నత్త బొమ్మ బల్ల." చెప్పి, అందులో తప్పేమైనా ఉందేమోనని తల్లి కళ్ళలోకి చూసింది. లేదని తేలాక ముందుకు నడిచింది.

శుక్రవారం సాయంత్రం ఉదయశ్రీ పప్పులో తాలింపు వేస్తుంటే ఈషా వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ తలుపు వేలితో తట్టింది. పాల సీసా చూపించింది. తర్వాత గ్లాసు చూపించింది. ఉదయశ్రీ పాలు పోసిచ్చింది. పిల్ల తలూపి వెళ్ళిపోయింది. స్నానానికి రమ్మంటే తువ్వాలు పట్టుకొచ్చి నిలబడింది. కథ ఏది కావాలంటే పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"చూశావా, ఇవాళ ఒక్క చుక్కా లేదు," అంది ఉదయశ్రీ చైతన్యతో, గోరువెచ్చటి గర్వంతో.

చైతన్య కాగితం వైపు కాదు, హాల్లో కార్పెట్ మీద బోర్లా పడుకుని ఉన్న కూతురి వైపు చూశాడు. "ఒక్క మాటా లేదు, ఉదయా."

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది కానీ ఒప్పుకోలేదు. ఇతనికి మొదటినుంచీ దీని మీద శ్రద్ధ లేదు, అందుకే వంకలు పెడుతున్నాడు అనుకుంది. అసలు అనుమానం ఇంకోవైపు తిరిగింది. తలుపు సందులోంచి చూస్తే ఈషా తన కుందేలు బొమ్మ చెవిలో ఏదో గుసగుసలాడుతోంది. చాలాసేపు, చేతులు తిప్పుతూ, కనుబొమలు ఎగరేస్తూ. ఉదయశ్రీ అడుగు లోపల పెట్టగానే గుసగుస ఆగిపోయింది. పిల్ల కుందేలుని వెనక్కి దాచింది.

ఎవరి భాషో అది. అమ్మ దగ్గర మాట్లాడొద్దని షూ మినే చెప్పి ఉంటుందా?

*

దుబాసీగా రావడానికి భాస్కర్ రావుగారు వెంటనే ఒప్పుకున్నారు. ముప్ఫయ్యేళ్ళ కింద ఇంజనీరుగా హానోవర్ వచ్చి, రిటైరయ్యాక ఆదివారాలు తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పుతున్నారు. కోర్టులోనూ ఆస్పత్రుల్లోనూ దుబాసీ పని చేసేందుకు ప్రమాణం చేసిన మనిషి. "ముందు ఒకసారి పిల్లని చూపించండమ్మా" అంటే ఆదివారం ముగ్గురూ వాళ్ళింటికి వెళ్ళారు.

ఆయన ముందు గదిలో పుస్తకం తెరిచి ఏనుగు బొమ్మ చూపించారు. "చెప్పమ్మా, ఇదేమి జంతువు?"

ఈషా ఏనుగుని చూసింది. తల్లిని చూసింది. పెదవులు లోపలికి మడుచుకుంది.

"భయపడకు. ఏమి చేయుచున్నది?"

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఉదయశ్రీ ఓపిక తెగింది. "జల్ది చెప్పు బిడ్డా. తెలుసు కదా నీకు."

భాస్కర్ రావుగారు కళ్ళజోడు మీంచి చూసి మెత్తగా నవ్వారు. "జల్ది తెలుగు కాదమ్మా. పెద్దవాళ్ళమే ఇలా కలిపేస్తే పిల్లలకెలా అబ్బుతుంది?"

ఉదయశ్రీ మొహం ఎర్రబడింది. ఆమెది జనగామ. గుంటూరు హాస్టల్లో మొదటి నెల ఆమె నోరు విప్పితే చాలు, పక్క మంచం అమ్మాయిలు ఆ మాటనే తిప్పితిప్పి అనుకుని నవ్వేవాళ్ళు. అప్పుడు ఆమె కూడా పెదవులు ఇలాగే లోపలికి మడుచుకునేది. ఆ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో అనుకుంటూ చీర చెంగు సర్దుకుంది.

భాస్కర్ రావుగారి భార్య కమల పళ్ళెంలో జంతికలు పట్టుకొచ్చింది. "పొద్దున్నుంచి నాలుగుసార్లు కాఫీ అన్నారు. అదేం భాషండీ?"

"అది వేరు," అన్నారాయన.

"అంతా వేరే మీకు. ముందా పుస్తకం మూసి పిల్లని తిననివ్వండి."

ఈషా జంతిక విరిచి, సగం చైతన్యకి ఇచ్చింది. ఇంటికెళ్ళే దాకా ఆ నోట్లోంచి మాట రాలేదు.

*

సోమవారం సాయంత్రం ట్రామ్ స్టాపులో షూ మిన్ ఎదురైంది. ఎదురైందనడం కంటే ఎదురుచూస్తోంది అనాలి. జున్ వే టికెట్ మెషీను పక్కన నిలబడి ఉన్నాడు. ఈషా చెయ్యి తల్లి చేతిలో ఉంది. పిల్లలిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు, కదల్లేదు.

"మీతో ఒక మాట," అంది షూ మిన్ ఇంగ్లీషులో. గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే ఉదయశ్రీకి అనుమానంగా తోచింది.

షూ మిన్ సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. జున్ వే పరీక్ష ఫలితం. ఆవిడ వేలు ఒక వరుస మీద ఆగింది. ఇంటిభాష: దాని ఎదుట పేరేమీ లేదు, ఒక అడ్డగీత ఉంది. కింద డాక్టరు చేతిరాత.

"చదవండి. మీ జర్మన్ నాకంటే నయం."

ఉదయశ్రీ చదివింది. 'కుటుంబంలో ఏ పూర్తి భాషా వాడుకలో లేదని తెలుస్తోంది. కిటాలోని మరొక తల్లి కూడా ఈ విషయం ధ్రువీకరించారు. ఒక ఏడాది వాయిదా సూచించబడింది.' తేదీ బుధవారం నాటిది.

"మరొక తల్లి," అంది షూ మిన్. "వాడితో ఆడేది మీ పాప ఒక్కతే. మీకు చైనీసు వచ్చా?"

"రాదు."

"మరి మేం మాట్లాడేది భాష కాదని మీకెలా తెలిసింది?"

ఉదయశ్రీ మళ్ళీ ఆ కాగితం వైపు చూసింది. "మీరు కలిపి మాట్లాడతారు కదా," అంది చివరికి.

"కలపడానికి అవి మా దగ్గర విడివిడిగా ఎప్పుడున్నాయి? మా అమ్మ నన్ను తిట్టింది ఇందులోనే. చేపలవాడితో బేరం ఇందులోనే. వీడు పుట్టినప్పుడు నొప్పులు పడుతూ మా ఆయన్ని శాపనార్థాలు పెట్టిందీ ఇందులోనే. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాకుండా పోలేదు." ఆవిడ కాగితం పాత మడతల వెంటే మడిచింది. "స్కూల్లో మాకూ చెప్పేవాళ్ళు, అది పాడు మాట, ఇంటి దగ్గర వదిలేసి రమ్మని. ఇక్కడ ఇంట్లో కూడా వద్దంటున్నారు. ఆగస్టులో వీడు వేరే బస్సెక్కి ఆ వాయిదా పిల్లల తరగతికి పోవాలి."

ట్రామ్ వచ్చింది. షూ మిన్ కొడుకుతో రెండు ముక్కలంది. వాడు తల దించుకుని ఎక్కాడు. తలుపు మూసుకునేముందు ఈషా వేళ్ళు తల్లి చేతిలో ఒక్కసారి బిగిసి, మళ్ళీ సడలాయి. ఉదయశ్రీ ఆ ట్రామ్ ఎక్కలేదు. ఆవిడ తనని తప్పు పట్టడానికే వచ్చింది అని మనసుకి చెప్పుకోవాలని చూసింది. అది నిలబడలేదు. ఆ వరుసలో ఉన్నది తన మాటే.

*

మంగళవారం పదిన్నరకి, కిటాలో చిన్న గది. పిల్లల బల్లలు, పిల్లల కుర్చీలు. భాస్కర్ రావుగారు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒక దాని మీద కూర్చున్నారు. డాక్టర్ హోల్‌మన్ నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఆవిడ. ఈషా ఒంటికాలి మీద గెంతింది, పూసలు గుచ్చింది, చూపు పరీక్షలో కింది వరుస దాకా చూపించింది. డాక్టరు మొహంలో మెప్పు కనిపించింది. జర్మన్‌లో అడిగినవాటికి ఒకటి రెండు మాటల్లో జవాబిచ్చింది.

తర్వాత ఒక పెద్ద బొమ్మకార్డు బల్ల మీద పెట్టారు. వంటిల్లు. పొయ్యి మీద గిన్నెలోంచి పాలు పొంగి పారుతున్నాయి. పిల్లి బల్ల ఎక్కింది. ఒక అబ్బాయి ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఏం జరుగుతోందో తన ఇంటిభాషలో చెప్పమనండి."

భాస్కర్ రావుగారు గొంతు సవరించుకున్నారు. "ఈషా, ఈ చిత్రంలో ఏమి జరుగుచున్నదో వివరించమ్మా."

ఈషా నోరు తెరిచింది. మొహం ఒక్క క్షణం వెలిగింది. పిల్లి దగ్గరికి వేలు వెళ్ళింది. అదే సమయానికి డాక్టరు రాసుకోవడానికి పెన్ను ఎత్తింది. ఈషా చూపు ఆ పెన్ను మొన మీదికి వెళ్ళింది. వేలు వెనక్కి వచ్చింది. పెదవులు మూసుకున్నాయి.

"పిల్లి అను," అన్నారు భాస్కర్ రావుగారు.

ఈషా కళ్ళు పెన్ను మీదనుంచి కదల్లేదు. డాక్టరు నిమిషం ఆగింది. ఇంకో నిమిషం ఆగింది. నిట్టూర్చి కాగితం మీద ఆ వరుస దగ్గరికి చెయ్యి జరిపింది.

ఉదయశ్రీకి ఆ చెయ్యి ఎక్కడికి పోతోందో తెలుసు. నిన్న ట్రామ్ స్టాపులో చూసింది. ఆ చెయ్యి అక్కడికి చేరకముందే ఇంకోటి తెలిసింది. ఈ పిల్లకి మాటలు లేక కాదు. ఏ మాట అంటే గీత పడుతుందో తెలియక, ఉన్న మాటలన్నీ మింగుతోంది. నేర్పింది తనే.

"ఆగండి," అంది జర్మన్‌లో. "పాప మాట్లాడుతుంది. మాట్లాడనివ్వంది నేను. ఎనిమిది రోజులుగా ప్రతి మాటకీ తప్పు గుర్తు పెట్టాను. పరీక్షకి తయారుచేస్తున్నా అనుకున్నాను."

డాక్టరు ఆమె వైపు చూసింది, అందులో నమ్మకం లేదు. ఇలాంటివి చెప్పే తల్లుల్ని చాలామందిని చూసిన చూపు అది. "సరే. మరి ఎవరితో మాట్లాడుతుంది?"

"జున్ వేతో."

ఫ్రావ్ లిండ్నర్ తల ఎత్తింది. డాక్టరు తన సంచిలోంచి ఇంకో ఫైలు బయటికి లాగింది. "ఆ అబ్బాయి విషయంలో ఒక తల్లి…"

"ఆ తల్లి నేనే. నాకు వాళ్ళ భాషలో ఒక్క ముక్క రాదు. రాని దాని గురించి చెప్పాను."

భాస్కర్ రావుగారు చేతిలో పెన్నుకి మూత పెట్టుకున్నారు. "ఫ్రావ్ డాక్టర్," అన్నారు మర్యాదగా, "పిల్ల నాకు జవాబు చెప్పదు. చెప్పినా నాకు తెలిసిన తెలుగులో చెప్పదు. ఇక్కడ నా అవసరం లేదనుకుంటాను." కానీ లేచి వెళ్ళలేదు. కుర్చీలోంచి లేవడం కష్టంగా ఉందో, చూడాలని ఉందో.

"ఇద్దర్నీ కలిపి పరీక్షించడం పద్ధతి కాదు," అంది డాక్టరు. గడియారం చూసుకుంది. "పది నిమిషాలు. కానీ వాళ్ళు ఏమంటున్నారో నాకు ఎవరు చెప్తారు?"

"సగం నేను చెప్తాను," అంది ఉదయశ్రీ.

మిగతా సగం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది. ఫ్రావ్ లిండ్నర్ ఫోను చేస్తే, షూ మిన్ తడి గొడుగుతో, ఊపిరి ఎగబీలుస్తూ వచ్చింది. సంగతి విని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేనెందుకు? రాసేశారు కదా."

"మళ్ళీ రాయించడానికి," అంది ఉదయశ్రీ. "నేనన్నది వెనక్కి తీసుకున్నాను. కానీ వాళ్ళ మాటలు నాకు సగమే తెలుసు."

షూ మిన్ ఆమెని చాలాసేపు చూసింది. ఇందులో ఇంకేం మెలిక ఉందో అని వెతుకుతున్న చూపు. ఉదయశ్రీ ఆ చూపుని గుర్తుపట్టింది. వారం రోజులుగా తనూ అలాగే చూసింది. షూ మిన్ కోటు బొత్తాలు ఒక్కొక్కటిగా విప్పి, వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. మధ్యలో జానెడు ఎడం ఉంచింది.

జున్ వేని తీసుకొచ్చి ఈషా ఎదురుగా కూర్చోబెట్టారు. డాక్టరు పెన్ను బల్ల కింద ఒళ్ళో పెట్టుకుంది. బొమ్మకార్డు పిల్లల మధ్యకి తోసి, తను అక్కడ లేనట్టు ఫైలు తిరగేస్తూ కూర్చుంది.

పిల్లలు మొదట కార్డుని చూశారు. జున్ వే పిల్లి తోక మీద వేలు పెట్టాడు. ఈషా ఆ వేలిని తోసేసి పాలగిన్నె మీద తన వేలు పెట్టింది.

"వేయ్, వేయ్! మిల్ష్ పొంగిపోతోంది, క్వాయ్ క్వాయ్, ఆఫ్ చెయ్!"

"కెనాట్ లా," అన్నాడు జున్ వే. "వెరీ టాంగ్."

"పాలు పొంగుతున్నాయంటోంది, ఆఫ్ చెయ్యమంటోంది," అంది ఉదయశ్రీ. ఆగిపోయింది.

"తొందరగా, తొందరగా అంటోంది," అందించింది షూ మిన్. "వాడేమో కుదరదు, చెయ్యి కాలుతుంది అంటున్నాడు."

"పిల్లి తాగేస్తుంది చూడు! ఈ అన్నకి ఫోనే ఫోను. హిస్ మామా విల్ కమ్, దబ్బున ఒకటి ఇస్తుంది!"

"వాళ్ళమ్మ వచ్చి కొడుతుంది అంటోంది," అంది ఉదయశ్రీ. దబ్బున ఒకటి అన్న మాట జర్మన్‌లోకి ఎలా తేవాలో తెలియక చేత్తో చూపించింది. డాక్టరు పెదవి చివర వంగింది.

వాళ్ళు పొయ్యి ఎవరు ఆర్పాలన్న దగ్గర పోట్లాడుకున్నారు. పిల్లికి పేరు పెట్టారు. ఒక మాట ఉదయశ్రీ అందుకుంటే, దాని చివర షూ మిన్ అందుకుంది. ఒకరు ఆగిన చోటినుంచి ఒకరు. డాక్టరు ఎప్పుడో బల్ల కింద పెన్ను కదపడం మొదలుపెట్టింది.

ఉన్నట్టుండి ఈషా తల తిప్పి ఉదయశ్రీని చూసింది. మళ్ళీ జున్ వే వైపు వంగి, బల్ల మీద గడ్డం ఆనించి, గొంతు బాగా తగ్గించి ఒక పొడుగు వాక్యం చెప్పింది. అందులో ఒక్క తెలుగు మాట కూడా లేదు. ఏరి ఏరి వదిలేసినట్టు. 'మామా' అన్నది మాత్రం ఉదయశ్రీకి వినపడింది. అది ఎవరో అడగక్కరలేదు.

జున్ వే కూడా ఉదయశ్రీ వైపు చూశాడు. షూ మిన్ నోరు విప్పలేదు.

"ఏమంది?" అని అడిగింది డాక్టరు.

షూ మిన్ ఉదయశ్రీ వైపు తిరిగింది. "మీ గురించి. చెప్పనా?"

వారం కిందటైతే ఈ ప్రశ్నలోనూ ఉదయశ్రీకి ఏదో ఎత్తు కనిపించేది. ఇప్పుడు ఆవిడ ఏం చెప్పినా నమ్మడం తప్ప దారి లేదు. ఇది తన పిల్ల మాట. తనకి అర్థం కాకూడదని పిల్ల కూర్చుకున్న మాట.

"చెప్పండి. ఉన్నదున్నట్టు."

"'అమ్మ వింటోంది, మెల్లగా మాట్లాడు. ఆమెకి మన మాట ఇష్టం లేదు. తెలిస్తే నిన్ను నా దగ్గర కూర్చోనివ్వదు.'"

డాక్టర్ హోల్‌మన్ ఒళ్ళోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టిన కాగితం మీదే రాసింది. రాస్తూ చెప్పింది, ఎవరితోనూ కాదన్నట్టు. "హెచ్చరించింది. ఎందుకో చెప్పింది. వినకపోతే ఏమవుతుందో చెప్పింది. ఆరేళ్ళ పిల్లనుంచి నేను ఇంతకంటే అడగను." ఇంటిభాష అన్న వరుస దగ్గర కాసేపు ఆగి, దాన్ని ఖాళీగా వదిలేసి, కింద పెద్ద అక్షరాలతో ఏదో రాసి గీత గీసింది. తర్వాత జున్ వే ఫైలు కూడా దగ్గరికి లాక్కుంది. "వాయిదా మాట ఇద్దరికీ తీసేస్తున్నాను. ఈ భాషకి నా దగ్గర పేరు లేదు. అది నా కాగితం లోటు."

షూ మిన్ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

అనుకున్నది దక్కింది. ఆగస్టులో ఈషా బడికి వెళ్తుంది. ఉదయశ్రీ కూతురి వైపు చూసి నవ్వబోయింది. ఈషా నవ్వలేదు. గడ్డం ఇంకా బల్ల మీదే ఉంది, కళ్ళు తల్లి మొహాన్ని అణువణువూ వెతుకుతున్నాయి. జున్ వే ఒక మాట అడిగితే జవాబివ్వకుండా తల అడ్డంగా ఊపింది. పది నిమిషాల్లో ఇంకా మూడున్నాయి.

ఉదయశ్రీ లేచింది. ఆ చిన్న కుర్చీని ఎత్తి, వెనక్కి తిప్పి, వీపు పిల్లల వైపు పెట్టి, కిటికీకి ఎదురుగా కూర్చుంది. తోటలో వాన వెలిసింది. ఇసుక గుంటలో ఎవరో పిల్లాడు బకెట్‌తో నీళ్ళు తోడుతున్నాడు. కాసేపటికి వెనక ఒక గుసగుస. దానికి ఇంకో గుసగుస. ఆ తర్వాత కార్డు బల్ల మీద జరిగిన చప్పుడు, ఈషా గొంతు, మామూలు గొంతు, పోట్లాటకి దిగిన గొంతు.

కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. షూ మిన్ కూడా తన కుర్చీ తిప్పుకుని పక్కకి జరిగి కూర్చుంది. మొహం కిటికీ వైపే ఉంచి, పెదవులు కదిలీ కదలకుండా ఉదయశ్రీకి చెప్పసాగింది.

"పిల్లికి కూడా పాలు కావాలంట. దానికి గిన్నె మీ పాపే వెతుకుతోంది…"